అందరూ ఒక్కసారే మాట్లాడే ఇల్లు

బర్మాలో, చిన్ కొండల మీద సెన్‌తుయి ఊళ్ళో పొద్దుగూకే వేళకు ప్రతి ఇంట్లోనూ గోల మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి అది గోల. ఊరివాళ్ళకి అది కుటుంబ ప్రార్థన. ముందు ఒక కీర్తన పాడతారు, తర్వాత వాక్యం చదువుతారు, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కళ్ళు మూసుకుని, ఎవరికి కావలసింది వాళ్ళు, అందరూ ఒక్కసారే గొంతెత్తి దేవుణ్ణి అడుగుతారు. ఒక ఏడాది, పిల్లలకు టీకాలు వేయడానికి మాండలే నుంచి వచ్చిన నర్సు మొదటి సాయంత్రమే రెమ్‌తియాల్ ఇంటికి పరుగెత్తుకొచ్చింది. లోపల కొట్టుకు చస్తున్నారనుకుంది పాపం. తలుపు తోసి చూస్తే చాపల మీద మోకరించిన మనుషులు, మూసిన కళ్ళు, తెరిచిన నోళ్ళు. రెమ్‌తియాల్ ఒక కన్ను తెరిచి, "కూర్చోమ్మా, ఇంకాసేపట్లో అయిపోద్ది, టీ తాగి వెళ్దువుగాని" అని, ఆ కన్ను మళ్ళీ మూసుకుంది.

రెమ్‌తియాల్‌ని అందరూ రెమ్ అనే అంటారు. ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద గొంతు రెమ్ అత్తగారు జింగ్‌ది. డెబ్భై దాటిన ఆ ముసలావిడ ప్రార్థనకు కూర్చుంటే ఎదురుకొండ మీదివాళ్ళకు కూడా తమ పేర్లు వినబడతాయని ఊళ్ళో వేళాకోళం. ఆవిడ ఊరందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పి గానీ ఆగదు. రెమ్ మొగుడు లియాన్ అందుకు పూర్తిగా ఎదురు. పందులు, వాన, పాత మోటారుసైకిలు, ఈ మూడింటి సంగతీ గబగబా చెప్పేసి, తల్లి ముగించేదాకా ఊరికే "తండ్రీ, తండ్రీ" అంటూ కాలక్షేపం చేస్తాడు.

ఈ గోలలో ఒక సుఖం ఉంది. ఎవరేం అడిగారో ఎవరికీ తెలియదు. పక్కనే ఉన్న మొగుడి మీద నిక్షేపంగా ఫిర్యాదు చెయ్యవచ్చు. పెళ్ళైన కొత్తలో రెమ్ వారం రోజులపాటు అత్తగారి మీద దేవుడికి చాడీలు చెప్పింది, అత్తగారు మూరెడు దూరంలో ఉండగానే. ఎవరి మాట వాళ్ళది. పక్కవాళ్ళ ప్రార్థన మీద చెవి వెయ్యడమంటే పక్కింటి కుండ మూత తీసి చూడడంతో సమానమని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే పిల్లలకు విడిగా ఎవరూ చెప్పరు.

రెమ్‌కు ముప్ఫై నాలుగేళ్ళు. నడుముకు మగ్గపు తోలుపట్టీ బిగించుకుని, అరుగు మీద కాళ్ళు బారజాపి శాలువలు నేస్తుంది. పెళ్ళికూతుళ్ళు కప్పుకునే ఎర్ర శాలువల మీద పూల వరసలు ఆమె చేతిలో లెక్క తప్పవు. అక్షరాలే ఆమెకు లొంగలేదు. నాలుగో తరగతిలో ఉండగా తమ్ముణ్ణి వీపున కట్టి ఇంట్లో కూర్చోబెట్టారు, బడి అంతటితో సరి. ఇప్పటికీ వాక్యం చదివేటప్పుడు వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. పెద్దకూతురు సుయి ఎదురు చూసీ చూసీ వెనకనుంచి ఆ మాట అందిస్తుంది. అలా కూతురు అందించినప్పుడల్లా రెమ్‌కు సంతోషమూ వేస్తుంది, చచ్చేంత సిగ్గూ వేస్తుంది.

ప్రార్థన మాత్రం ఆమెకు బాగా వచ్చు. తండ్రి నేర్పాడు. పొలం దారిలో కట్టెలబుట్ట నెత్తి పట్టీతో మోస్తూ, వెనక నడిచే కూతురితో, "ఏం కావాలో గట్టిగా చెప్పవే. దేవుడికి వినబడదని కాదు. నీకు వినబడాలి" అనేవాడు. రెమ్ తన పిల్లలకూ అలాగే నేర్పింది. మాటలు రావడం మొదలవగానే చాప మీద కూర్చోబెట్టి, ఇవాళ చూసినవాటిలో మూడింటికి కృతజ్ఞత చెప్పాలి, తర్వాత ఒక్కటి అడగాలి అంది. సుయి మొదటిసారి పందికి, కోడికి, మళ్ళీ పందికి కృతజ్ఞతలు చెప్పింది. రెండో కూతురు చేవు మూడేళ్ళప్పుడు గరిటెకు కృతజ్ఞత చెప్పి, చందమామను అడిగింది. ఆ గరిటె ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కళ్ళు తెరిచినవాళ్ళు ఆ పూట గిన్నెలు కడగాలి. నోరు తెరవనివాళ్ళకు ముద్ద ఆలస్యంగా అందుతుంది. రెమ్ బడి అంతే.

చేవుకు ఇప్పుడు ఏడేళ్ళు. దాని తర్వాత పుట్టిన రెండేళ్ళ పిల్లవాడు ప్రార్థన మొదలవకముందే నిద్రపోతాడు కాబట్టి, చాప మీద అమ్మ పక్కన ఒదిగి కూర్చునే హక్కు ఇంకా చేవుదే.

ఆ పిల్ల మీదికే ఇప్పుడొక వ్యవహారం వచ్చింది. మార్చి నెలలో కలే అనే పట్నం నుంచి లియాన్ చెల్లెలు మెన్ వచ్చింది. పెళ్ళై పదకొండేళ్ళు. మూడుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, జారిపోయింది. మొగుడికి మోటారుసైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉంది, ఇల్లుంది, ఆ ఇంట్లో పిల్లలే లేరు. మెన్ రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా వదినతో కలిసి మొక్కజొన్నలు ఒలిచింది. మూడో రోజున నోరు విప్పింది.

"వదినా, మీకు ముగ్గురున్నారు. చేవుని నాకివ్వండి. కడుపులో పెట్టుకు చూసుకుంటా. అక్కడ మంచి బడుంది. నీకేమో చదువంటే ప్రాణం."

అన్న పిల్లని చెల్లెలు పెంచుకోవడం ఆ కొండల్లో వింతేమీ కాదు. చెల్లెలు నోరు తెరిచి అడిగితే అన్న కాదనడమే వింత. లియాన్ సరేనన్నాడు. రెమ్ తల ఊపింది. అది ఔనో కాదో ఆమెకే తెలియదు. జూన్‌లో బడులు తెరిచేలోపు వచ్చి తీసుకెళ్తానంది మెన్. అప్పటిదాకా చేవుకు చెప్పవద్దని పెద్దవాళ్ళంతా అనుకున్నారు. ముందే చెబితే రెండు నెలలు ఏడుస్తుంది, చెప్పకపోతే ఒక్క రోజే ఏడుస్తుంది అని జింగ్ లెక్క.

ఎవరికీ చెప్పుకోలేని ఆ సంగతి రెమ్ ప్రతి సాయంత్రం దేవుడికే చెప్పుకుంది. అందరి గోలలో తన గోల కలిపి, "తండ్రీ, చేవుని పంపడానికి నా మనసు గట్టి చెయ్యి. అది చదువుకోవాలి, నాలాగా వేలు పెట్టి చదవకూడదు. మెన్‌కి ఒడి నిండాలి. కానీ నా వల్ల కావట్లేదు. వెళ్ళాలని దాని మనసులోనే పుట్టించు. అది దాని నోటితో అంటే నేను ఆపను" అనేది. అత్తగారి గొంతు మీద తన మాట తనకు వినబడాలంటే రెమ్ కూడా గొంతు పెంచక తప్పేది కాదు. ఎంత పెంచుతోందో ఆమెకు తెలియదు.

ఏప్రిల్ నడుమ ఆమె ఒక విచిత్రం గమనించింది. గరిటెలకూ చందమామలకూ చెప్పి రెండు నిమిషాల్లో ముగించే చేవు, ఇప్పుడు అందరికన్నా ఎక్కువసేపు ప్రార్థిస్తోంది. మొదట్లో కాసేపు కిక్కురుమనదు. తర్వాత ఉన్నట్టుండి మొదలుపెడుతుంది. ఇక ఎడతెగదు. జింగ్ "ఆమెన్" అని గట్టిగా ముగించేసరికి చేవు పెదవులు ఇంకా కదులుతూనే ఉంటాయి. గోల ఆగగానే అదీ టక్కున ఆగుతుంది.

ఏడేళ్ళ పిల్లకు దేవుడితో అంత పనేమిటి? రెమ్‌కు ఒకటే ఆరాటం. తను అడుగుతున్నదేమో దాని నోటి మాట. ఒకవేళ పట్నం వెళ్ళి చదువుకోవాలని దాని మనసులో పుట్టిందేమో. దేవుడు జవాబు ఆ పిల్ల నోట్లో పెట్టి, తనను వినమంటున్నాడేమో. వినకపోతే ఎలా తెలుస్తుంది?

మగ్గం ముందు కూర్చుని, ఒక మధ్యాహ్నం తిన్నగా అడిగేసింది.

"చేవూ, దేవుణ్ణి ఏం అడుగుతున్నావే అంతసేపు?"

చేవు దారపు ఉండ దొర్లిస్తూ తల ఎత్తలేదు. "దేవుడితో అన్నది ఊరితో అనకూడదని నానమ్మ చెప్పింది."

"నేను ఊరా? నేను మీ అమ్మని కాదూ?"

"నువ్వు నాకు చెప్తున్నావా, నువ్వేం అడుగుతున్నావో?" అని ఎదురడిగి, ఆ పిల్ల ఉండ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పిల్ల తెలివికి రెమ్ లోలోపల మురిసిపోయింది. ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

ఆ సాయంత్రం తన ప్రార్థన తగ్గించి చెవులు రిక్కించింది. జింగ్ గొంతు తప్ప ఏమీ దొరకలేదు. పైగా ఆమెన్ అయ్యాక ముసలావిడ కోడలి వైపు తిరిగింది.

"ఏంటమ్మాయ్, ఇవాళ దేవుడితో ఏం పని లేదా? నోరే లేవలేదు."

"అడిగానత్తయ్యా, మెల్లిగా అడిగాను."

"మెల్లిగా అడగడమేంటి? అప్పుకొచ్చావా?" అంది జింగ్. సుయి ఫక్కున నవ్వింది.

కళ్ళు మూసుకుని అంత గోలలోనూ కోడలి నోరు లేవలేదని ఆవిడకెలా తెలిసిందో రెమ్‌కు అప్పుడు తట్టలేదు. మర్నాడు సుయిని రంగంలోకి దింపింది. చెల్లి పక్కన కూర్చో, ఒక్క మాటైనా పట్టుకురా, వారం రోజులు గిన్నెలు నేనే కడుగుతా అంది. ప్రార్థన నేర్పిన తల్లి పిల్లచేత దొంగచాటుగా ప్రార్థన వినిపిస్తోందని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

"ఏమన్నా వినబడిందా?" అంది, తర్వాత పొయ్యి దగ్గర.

"నానమ్మ ఉండగా ఏం వినబడుద్దమ్మా? ఆవిడ ఊపిరి పీల్చుకున్నప్పుడు ఒక్క ముక్క దొరికింది."

"ఏంటది?"

"వద్దు. 'వద్దు, వద్దు' అంటోంది. ఎవరైనా దేవుణ్ణి ఇవ్వమంటారు గానీ వద్దంటారా అమ్మా? దానికి పిచ్చి."

ఆ ముక్క పట్టుకుని రెమ్ వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకుంది. ఏం వద్దు? పక్కింటివాళ్ళ మగబాతు చేవు కనబడితే చాలు, మెడ చాచి తరుముతుంది. వెళ్ళి ఆ బాతును కట్టేయించింది. గోంగూర పులుసు పెడితే చేవు మొహం ముడుచుకుంటుంది. ఆ వారమంతా గోంగూర జోలికి పోలేదు. లియాన్ రెండు రోజులు చూసి, "కొండ మీద గోంగూరంతా ఎండిపోయిందా?" అని అడిగాడు. బడిలో లెక్కల మాస్టారు కొడుతున్నాడేమోనని సెలవుల్లో ఆయన ఇంటికి వెళ్ళి మరీ ఆరా తీసింది. ఆయన మంచాన పడి ఉన్నాడు, ఎవర్నీ కొట్టే స్థితిలో లేడు. చేవు ప్రార్థన మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

మే నెల చివర్లో వానలు దిగాయి. విత్తనాలు వేసే రోజులు. మూడు రోజులు పొలంలో తడిసిన రెమ్‌కు గొంతు పూర్తిగా పూడిపోయింది. అల్లం నీళ్ళు తాగినా, మెడకు శాలువ చుట్టుకున్నా గుసగుస తప్ప మాట లేదు. సరిగ్గా ఆ రోజే, ఫోను అందే గుట్ట ఎక్కి దిగిన లియాన్ కబురు మోసుకొచ్చాడు. మెన్ మర్నాడు బయల్దేరుతోంది.

సాయంత్రం సుయి వాక్యం చదివింది. కళ్ళు మూసుకున్నారు. గోల మొదలైంది. రెమ్ నోరు తెరిచింది గానీ పెదవులే కదిలాయి. 'రేపే వస్తోంది తండ్రీ, నాకింకా జవాబు రాలేదు' అనుకుంది మనసులో. కాసేపటికి చెంప మీద ఏదో వెచ్చగా తగిలింది. చేవు తల వాలుస్తోందనుకుంది, రోజూ అలా వాలడం మామూలే. కానీ ఆ పిల్ల వాలలేదు. నిక్కి, తల్లి నోటికి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

రెమ్ కళ్ళు తెరిచింది. జింగ్ ఊరివాళ్ళ పేర్లు చదువుతోంది, లియాన్ తండ్రీ తండ్రీ అంటున్నాడు, సుయి ఊగుతోంది. చేవు నోరు మూసి ఉంది. తల్లి మాట కోసం ఎదురుచూస్తోంది. రోజూ మొదట్లో అది కిక్కురుమనకపోవడం ఎందుకో అప్పుడు తెలిసింది రెమ్‌కు.

ఆమెన్ అయ్యాక తల్లీ కూతుళ్ళిద్దరే పొయ్యి దగ్గర మిగిలారు. చేవు మొహంలో భయం లేదు, కోపం లేదు. పని ఆగిపోయినవాళ్ళ కంగారు ఉంది.

"ఇవాళ నా గురించి అడగలేదేంటమ్మా?"

రెమ్ గుసగుసలాడింది. "రోజూ వింటున్నావా?"

"నువ్వే గట్టిగా చెప్తావుగా. అత్త దగ్గరికి పంపాలి, మనసు గట్టి చెయ్యి అని. నువ్వు అయ్యాక నేను మొదలెడతా. అమ్మ అడిగింది ఇవ్వద్దు, వద్దు, వద్దు అని. ఇవాళ నువ్వేం అడిగావో తెలీకపోతే నేను దేన్ని వద్దనాలి?"

చేవు ఇంకా దగ్గరికి జరిగింది. ఇన్నాళ్ళుగా దాన్ని తొలుస్తున్న అనుమానం ఒకటుంది.

"అమ్మా, ఇద్దరం ఒకేసారి వేరేవేరుగా అడిగితే దేవుడు ఎవరిది వింటాడు? గొంతు పెద్దదైనవాళ్ళదా? అట్లైతే నానమ్మ ఎటువైపుంది? నువ్వు కనుక్కుంటావా?"

రెమ్ పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. రెండు నెలలుగా బిడ్డ చెవిలోనే బిడ్డను పంపెయ్యమని అడిగింది తను. అది ఏడవలేదు, పేచీ పెట్టలేదు, ఎవరినీ నిలదీయలేదు. తను నేర్పినట్టే కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, ఒక్కటే అడిగింది. అంత సిగ్గు రెమ్ జన్మలో ఎరగదు.

పడుకోబోయే ముందు లియాన్‌కు అంతా చెప్పింది. అతను గోడవైపు తిరిగాడు.

"మాటిచ్చాం గదే. మంచం చేయించిందట. గోడలకి రంగు వేయించిందట. ఏ మొహంతో కాదంటాం?"

"నువ్వేం అడుగుతున్నావు ఇన్నాళ్ళూ? చేవు సంగతి?"

"నేనా? పందుల సంగతి." లియాన్ గొంతు సవరించుకున్నాడు. "చేవు పేరెత్తాలంటే నోరు రావట్లేదు. అందుకే తండ్రీ తండ్రీ అంటున్నా. నాకు వేరే మాటలేం రావనుకున్నావా?"

పదమూడేళ్ళ కాపురంలో ఆ మనిషి ప్రార్థన గురించి ఆమె అడగడం అదే మొదలు.

మర్నాడు పొద్దువాలే వేళకు మెన్ జీపు దిగింది. సంచిలోంచి అక్కడి బడిపిల్లలు తొడుక్కునే తెల్ల చొక్కా, ఆకుపచ్చ లుంగీ, వాటితోపాటు ఎర్ర బూట్లు తీసింది. బూట్లు చేవు పాదాలకు సరిగ్గా సరిపోయాయి. మార్చిలో ఒక దారప్పోగుతో దొంగతనంగా కొలుచుకువెళ్ళానని మెన్ సంబరంగా చెప్పింది. చేవు బూట్లు వేసుకుని ఇల్లంతా తిరిగింది. తర్వాత విప్పి, వాటిని అత్త సంచి పక్కనే జాగ్రత్తగా జత చేసి పెట్టింది. మెన్ మొహం ఒక్క క్షణం వాడిపోయింది, మళ్ళీ నవ్వు తెచ్చుకుంది.

ప్రార్థనకు కూర్చున్నారు. వాక్యం అయింది. జింగ్ ఊపిరి నిండా పీల్చుకుంది. అప్పుడు రెమ్, బొంగురుగానైనా గొంతు వచ్చింది కాబట్టి, చెయ్యెత్తి ఆపింది.

"అత్తయ్యా, ఇవాళ ఒక్కొక్కరమే చేద్దాం. ఒకళ్ళు చేస్తుంటే మిగతావాళ్ళం విందాం."

"ఒక్కొక్కరా?" జింగ్ కళ్ళు తెరిచింది. "ఇదేమన్నా పెళ్ళి విందా, ఒక్కొక్కరు లేచి మాట్లాడ్డానికి? ఒకళ్ళది ఒకళ్ళు వినడమేంటి, సిగ్గులేకుండా?"

"మీరు ఎప్పుడూ వినలేదా అత్తయ్యా? నిజం చెప్పండి."

ముసలావిడ నోరు తెరిచి, మూసింది. పెళ్ళైన కొత్తలో తను చెప్పిన చాడీలు ఏ చెవుల్లో పడ్డాయో రెమ్‌కు ఆ క్షణంలో అర్థమైపోయింది. జింగ్ శాలువ సర్దుకుని, "సరే కానీ. త్వరగా కానీ" అంది.

ఆ ఇంట్లో ఆ వేళప్పుడు అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. వాన చూరు మీద పడుతున్న చప్పుడు వినబడింది. రెమ్ కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, రెండు నెలలు నేను అడిగింది నీకు తెలుసు. నా బిడ్డ వింటోందని నాకు తెలీదు. నీకు తెలుసు. నాకు చెప్పి ఉండాల్సింది నువ్వు." "దాని నోటితో అనిపించు అన్నాను. అది అంటూనే ఉంది, నేనే వినలేదు. ఇవాళ నేనేమీ అడగను. అది అడుగుద్ది. మేం వింటాం. ఆమెన్."

చేవు చుట్టూ చూసింది. దాక్కోవడానికి గోల లేదు. రోజూ కొండలా అడ్డంగా ఉండే నానమ్మ గొంతు లేదు. ఆ పిల్ల అత్త వైపు చూసింది, బూట్ల వైపు చూసింది, కళ్ళు గట్టిగా మూసుకుంది. సుయి గుసగుసగా, "మూడు కృతజ్ఞతలు చెప్పవే ముందు" అని అందించింది.

"దేవుడా, అత్త వచ్చినందుకు కృతజ్ఞత. ఎర్ర బూట్లకు కృతజ్ఞత. అమ్మకి గొంతు వచ్చినందుకు కృతజ్ఞత." చేవు ఊపిరి తీసుకుంది. "అత్త మంచిది. అత్తకి పాప కావాలి. అత్తకి ఒక పాపనివ్వు. వాళ్ళింట్లో మంచం కూడా ఉంది. కానీ నన్ను ఇవ్వకు. నేను అమ్మ దగ్గరుంటా. ఆమెన్."

ఎవరైనా ప్రార్థన ముగిస్తే మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. అది అక్కడి మర్యాద. అన్నాక ఆ మాట అందరిదీ అవుతుంది. సుయి అంది. లియాన్ అన్నాడు, ఈసారి స్పష్టంగా. జింగ్ నోరు తెరిచి కూడా అనలేదు, కూతురి వైపు తిరిగి చూస్తూ ఉండిపోయింది. రెమ్ కూడా ఆగింది. ఆడపడుచు కన్నా ముందు ఆ మాట అనే హక్కు తనకు లేదనిపించింది.

మెన్ తల వంచుకునే ఉంది. ఒళ్ళో పెట్టుకున్న తెల్ల చొక్కాను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. పదకొండేళ్ళుగా ఆమె కోసం ఈ ఇంట్లో ఎందరో ఎన్నోసార్లు ప్రార్థించి ఉంటారు, అందరూ ఒకేసారి, గోలగా. ఆమె పేరు పెట్టి, ఆమె వింటుండగా, ఆమెకొక పాపనివ్వమని ఎవరూ ఇలా అడగలేదు. కన్నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. చేవు కళ్ళు తెరిచి అత్తనే చూస్తోంది. గిన్నెలు కడగమని ఎవరూ అనలేదు.

"ఆమెన్" అంది మెన్.

తర్వాత ముక్కు తుడుచుకుని, "అన్నం పెట్టు వదినా. పొద్దుట్నుంచీ ఏం తినలేదు" అంది.